బీఎంఐ 22.6, హెచ్‌బీఏ1సీ 5.9: సన్నగా ఉన్నాడని వదిలేయొచ్చా?

ప్రశ్న:
మా తమ్ముడికి 28 ఏళ్లు. ఎత్తు 172 సెం.మీ., బరువు 67 కిలోలు (ఎత్తుకి బరువు లెక్క, అంటే బీఎంఐ 22.6), నడుము 93 సెం.మీ. ఫాస్టింగ్ షుగర్ 97, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9, మొత్తం కొలెస్ట్రాల్ 186, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఒక రకం కొవ్వు) 212. నాన్నగారికి 49 ఏళ్లకే స్టెంట్ వేశారు. ఇంకేం పరీక్షలు చేయించాలండీ?

జవాబు 1:
వదిలేయకండి. మనవాళ్లలో బరువు కన్నా నడుము ఎక్కువ చెబుతుంది. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెం.మీ. హద్దు. ప్యాంటు సైజు చూసి మోసపోవద్దు, అది పొట్ట కిందకి జారి ఉంటుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడండి. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ కొలతలే అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం!

జవాబు 2:
ముందు రక్తహీనత ఉందేమో చూడండి. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. తర్వాత గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు. రాత్రంతా ఏమీ తినకుండా వెళ్లి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు 5 నిమిషాల్లో తాగాలి, సరిగ్గా 2 గంటలకి రక్తం ఇవ్వాలి. 140 నుంచి 199 వస్తే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ. ఆ 2 గంటలూ కూర్చునే ఉండాలి, సిగరెట్ తాగకూడదు. వాంతైతే టెస్టు చెల్లదు. ముందు 3 రోజులు అన్నం మానొద్దు, మానితే లెక్క తప్పొస్తుంది. చాలామంది ఇడ్లీ తిని రక్తం ఇచ్చి అదే ఈ టెస్టు అనుకుంటారు, కాదు.

జవాబు 3:
గుండె సంగతి కూడా చూడండి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) లెక్కకి 110 వస్తుంది, పర్లేదనిపిస్తుంది. కానీ 186లోంచి 34 తీసేస్తే నాన్ హెచ్‌డీఎల్ 152, అది 130 దాటకుండా ఉంటే మంచిది. నాన్నగారికి అంత చిన్న వయసులో గుండె జబ్బు వచ్చింది కాబట్టి లైపోప్రోటీన్ (ఏ) అనే రక్త పరీక్ష ఒక్కసారైనా చేయించండి. అది రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం. వంశపారంపర్యంగా వచ్చేది, తిండితో తగ్గదు. డెసిలీటరుకి 50 మి.గ్రా. దాటితే ఎల్‌డీఎల్, బీపీ ఇంకా గట్టిగా అదుపులో పెట్టాలని డాక్టరుగారు చెబుతారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. రాత్రి అన్నం మాన్పించి చపాతీ పెట్టమంటారా?

జవాబు 2:
నాలుగు చపాతీలు తింటే ఏం మారదు. 50 గ్రాముల బియ్యంలో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం, రెండు చపాతీల్లోనూ ఇంచుమించు అంతే. ముందు కూర, పప్పు లేదా గుడ్డు తిని, ఆ తర్వాత ఆ 50 గ్రాముల బియ్యం అన్నమే పెట్టండి. తిన్న వెంటనే 15 నిమిషాలు నడిపించండి. 3 నెలల తర్వాత మళ్లీ అదే ల్యాబులో హెచ్‌బీఏ1సీ చేయించండి.