క్లాయిస్టర్‌ని "మండువా" అంటే తప్పా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. యూరప్‌లోని పాత క్రైస్తవ మఠాల మీద ఒక యాత్రా వ్యాసం తెలుగు చేస్తున్నాను. మొనాస్టరీకి "మఠం" అని రాసేశాను, అక్కడ పేచీ లేదు. మఠం లోపల చుట్టూ వసారాలున్న చదరపు జాగాని క్లాయిస్టర్ అంటారు కదా, అక్కడే బండి ఆగిపోయింది. నిఘంటువు తీస్తే దానికీ "మఠం" అనే ఇచ్చారు. దాంతో నా వాక్యం "మఠం మధ్యలో అందమైన మఠం ఉంది" అని తయారైంది! "ప్రాంగణం" పెడదామంటే కలెక్టరేట్ ప్రాంగణం గుర్తొస్తోంది. ఎల్లుండికి పంపాలి, టెన్షన్‌గా ఉంది. మాస్టారూ, మీరేమంటారు?

జవాబు: అమ్మా, నిఘంటువును తిట్టకండి, ఆ మాటే అలాంటిది. లాటిన్‌లో క్లౌస్ట్రుమ్ అంటే గడియ, ఆ తర్వాత మూసి ఉంచిన చోటు. అదే జర్మన్‌లోకి క్లోస్టర్‌గా వెళ్ళి మొత్తం మఠానికి పేరైంది. ఇంగ్లీషులో ఆ అర్థమూ ఉంది గానీ, కట్టడాల గురించి మాట్లాడేటప్పుడు మఠం లోపలి ఒక్క భాగాన్నే అంటారు. మీక్కావలసింది అదే.

మాట తర్వాత వెతుకుదాం, ముందు వస్తువును చూడండి. చర్చి గోడను ఆనుకుని నలుచదరపు జాగా. పైన ఆకాశం, కింద పచ్చిక, చాలాచోట్ల ఒక నీళ్ళ తొట్టి. దాని చుట్టూ నాలుగు వైపులా కప్పు వేసిన వసారా. లోపలి వైపు స్తంభాలూ కమానులూ, వెలుపలి వైపు గోడ, ఆ గోడకి తలుపులు. మామూలుగా తూర్పు వసారాలో సమావేశాల గది ఉంటుంది. రోజూ అక్కడ సన్యాసుల కోసం సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమావళిలోంచి ఒక అధ్యాయం, అంటే చాప్టర్, చదివేవారు కాబట్టి దానికి చాప్టర్ హౌస్ అని పేరు. దాని పైన పడకశాల. చర్చికి ఎదుటి వైపు భోజనశాల, దాని గుమ్మం దగ్గరే చేతులు కడుక్కునే తొట్టి. పడమట సరుకుల కొట్టు. ఏ గదిలోంచి ఏ గదికి వెళ్ళాలన్నా ఈ వసారాలోంచే నడవాలి, వానొచ్చినా మంచు కురిసినా తడవకుండా. ఎక్కువ చోట్ల దీన్ని చర్చికి దక్షిణాన కడతారు. ఉత్తరాన కడితే అంత ఎత్తు చర్చి నీడ రోజంతా మీదే పడుతుంది, ఆ చలిదేశాల్లో అది శిక్షే. అయినా ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ, గ్లాస్టర్ వాళ్ళు ఉత్తరానే కట్టుకున్నారు.

ఈ అమరిక ఎంత పాతదంటే, 9వ శతాబ్దం మొదట్లో గీసిన ప్లానే ఒకటి ఉంది. జర్మనీలోని రైఖెనౌ మఠంలో గీసి, సాంక్ట్ గాలెన్ మఠాధిపతి గోజ్‌బెర్ట్‌కి పంపారు. ఐదు తోలు ముక్కలు కలిపి కుట్టిన పటం, సుమారు 112 సెంటీమీటర్లు పొడవు, 77 వెడల్పు. ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లో ఆ మఠం గ్రంథాలయంలోనే ఉంది. చర్చి పక్కన చదరంగా క్లాయిస్టర్, ఇంకా వైద్యుడి ఇల్లు, మందు మొక్కల మళ్ళు, కోళ్ళ గూళ్ళు, చివరికి మరుగుదొడ్లు కూడా గీశారు. శ్మశానంలోనే పళ్ళచెట్లు వేయమన్నారు, జాగా వృథా చేయడం ఇష్టం లేదు కాబోలు. ప్లాన్‌లో ఉన్నట్టు మాత్రం అక్కడ కట్టలేదు. 12వ శతాబ్దంలో ఎవరో దాని వెనక వైపు సెయింట్ మార్టిన్ జీవితచరిత్ర రాసుకుని, పుస్తకంలా మడిచి పెట్టుకున్నారు. అలా బతికి బట్టకట్టింది.

ఇక మాట. నా ఓటు "మండువా"కి. మన మండువా లోగిలిలోనూ మధ్యలో ఆకాశం కనిపించే చదరం, చుట్టూ స్తంభాల వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు, వాన నీళ్ళు మధ్యలో పడి తూములోంచి పోవడం. కొలతల్లో తేడా ఉంటే ఉండొచ్చు, ఆలోచన ఒకటే.

ఒక సభ్యుడు: మాస్టారూ, క్షమించాలి, నాకు మింగుడు పడలేదు. మండువా అంటే సందడి. పిల్లల గోల, అప్పడాలు ఎండబెట్టడం, పెళ్ళిచూపులు, తాతయ్య పడక్కుర్చీ. క్లాయిస్టర్ అంటే మౌనం కదా? బెనెడిక్ట్ నియమావళి 73 అధ్యాయాల్లో ఆరోది పూర్తిగా మౌనం మీదే. దానికన్నా "విహారం" దగ్గరగా లేదూ? నాగార్జునకొండలో చూడండి, మధ్యలో మండపం, చుట్టూ భిక్షువుల గదులు.

జవాబు: విహారం మంచి మాటే, కానీ అదీ మొత్తం కట్టడానికే పేరు. "మఠంలో విహారం" అంటే మళ్ళీ మొదటికొస్తాం. పైగా ఇప్పుడు విహారం అనగానే టూరిజం బస్సు ఎక్కినట్టుంటుంది!

మౌనం సంగతి కాదనను. ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠంలో నోరు తెరవకుండా పని జరుపుకోవడానికి చేతి సైగల పట్టికే ఉండేది. చేప కావాలంటే అరచేతిని చేప తోకలా ఆడించడమే. మాట్లాడక తప్పనప్పుడు దానికి వేరే గది. ఫ్రెంచిలో పార్లే అంటే మాట్లాడడం, ఆ గదికి వచ్చిన పేరే తర్వాత ఇంగ్లీషులో పార్లర్ అయింది. మన వీధి చివర బ్యూటీ పార్లర్‌కి ముత్తాత సన్యాసుల మాటల గది అన్నమాట. మాటలు మాత్రం తగ్గలేదు.

అయితే ఆ వసారాలు మీరనుకున్నంత ప్రశాంతంగా ఏమీ లేవు. ఫ్రాన్స్‌లో మ్వాసాక్ క్లాయిస్టర్‌కి 1100లో పూర్తయినట్టు శాసనం ఉంది. అక్కడ ఒంటి స్తంభం, జంట స్తంభం, మళ్ళీ ఒంటి స్తంభం వరసగా నడుస్తాయి. వాటి మీద 76 బోదెలు, అంటే స్తంభాల తల మీది దిమ్మెలు, వాటి నిండా బైబిలు కథలూ ఆకులూ మృగాలూ. ఇలాంటివి చూసే 1125 ప్రాంతంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్‌కి ఒళ్ళు మండింది. చదువుకునే సన్యాసుల కళ్ళ ముందు ఈ కోతులేమిటి, సింహాలేమిటి, ఒక తలకి ఇన్ని శరీరాలేమిటి, పుస్తకం వదిలేసి రాతిని చదువుతూ కూర్చుంటారు అని ఉత్తరంలో ఏకిపారేశాడు. ఆయన 1118లో పెట్టిన ఫోంతెనే మఠానికి వెళితే తేడా తెలుస్తుంది. అక్కడి క్లాయిస్టర్‌లో బొమ్మలు లేవు, బోదెల మీద సాదా ఆకులే. రాయి, నీడ, అంతే. నాకు ఫోంతెనే ఎక్కువ నచ్చుతుందని ఒప్పుకుంటాను గానీ, మ్వాసాక్ లేకపోతే బెర్నార్డ్ తిట్లూ మనకి దక్కేవి కావు.

ఒక సభ్యురాలు: మఠం సరే, కాన్వెంట్ మాటేమిటి? మా ఊళ్ళో రెండు గదులు అద్దెకు తీసుకుని టై కట్టించినా కాన్వెంటే. ఒక్క సిస్టరూ ఉండదు.

జవాబు: అదీ లాటినే. కొన్వెంతుస్ అంటే కూడిక. ఒకచోట చేరి బతికే సన్యాసుల సమూహం, ఆడైనా మగైనా. లండన్‌లో కోవెంట్ గార్డెన్ ఒకప్పుడు వెస్ట్‌మినిస్టర్ సన్యాసుల తోట. ఆడవాళ్ళ మఠమనే అర్థం ఇంగ్లీషులో తర్వాత గట్టిపడింది. మన దగ్గర సిస్టర్లు బళ్ళు నడిపారు, బడికి ఆ పేరు అంటుకుంది, సిస్టర్లు పోయినా పేరు మిగిలింది. సిస్టర్లుండే చోటుని మాత్రం తెలుగు కతోలికులు ఎప్పటినుంచో "కన్యాస్త్రీల మఠం" అంటున్నారు. కాబట్టి మీ "మఠం"కి వాడుక బలం కూడా ఉంది.

న్యూజెర్సీ నుంచి: న్యూయార్క్‌లో క్లాయిస్టర్స్ అనే మ్యూజియమే ఉందండి, 1938లో తెరిచారు. ఫ్రాన్స్‌లో పాడుబడ్డ మఠాల స్తంభాలు కొని ఓడల్లో తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. క్యూక్సా మఠంవి గులాబీ రంగు పాలరాతివి, ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. మా అమ్మని తీసుకెళ్తే వసారా అంతా ఒక చుట్టు తిరిగి, మధ్యలో ఫౌంటెన్ చూసి, "అంతా బానే ఉందిరా, తులసికోట ఏదీ?" అంది. మండువాకి అనుకూలమో వ్యతిరేకమో మీరే తేల్చండి.

మొదటి అభ్యంతరం చెప్పిన సభ్యుడు: తులసికోట నా వైపే!

జవాబు: సరే, ఒక పాయింటు మీకు. కానీ ఇంకొక్కటి. గ్లాస్టర్ క్లాయిస్టర్‌కి జనం పైకప్పు కోసం వెళతారు. 14వ శతాబ్దపు పని, విసనకర్రలు విప్పి పక్కపక్కన పెట్టినట్టుంటుంది. దక్షిణపు వసారాలో సన్యాసులు కూర్చుని చదువుకోవడానికి వరసగా ఇరవై గూళ్ళు ఉన్నాయి. అవన్నీ చూసి వసారాలోని రాతి అరుగుల మీదకి వంగితే గీతలు కనిపిస్తాయి. ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, మధ్య నుంచి అడ్డగీతలు. ఇంగ్లీషులో నైన్ మెన్స్ మారిస్ అంటారు.

మొదటి అభ్యంతరం చెప్పిన సభ్యుడు: అది దాడి ఆట కదండీ! మా అమ్మమ్మగారి అరుగు మీద మేకుతో గీసి ఉండేది. చింతగింజలతో ఆడేవాళ్ళం.

జవాబు: అదే. మరి ఆ అరుగు ఎక్కడుండేది?

మొదటి అభ్యంతరం చెప్పిన సభ్యుడు: మండువాలోనే లెండి.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా పెడుతున్నాను: "చర్చికి ఉత్తరాన మఠం మండువా ఉంది. దాని నాలుగు వసారాల్లోనే సన్యాసుల పగలంతా గడిచేది." మొదటిసారి వచ్చినచోట "క్లాయిస్టర్ అనే మండువా" అంటాను, ఆ తర్వాత వట్టి మండువా. ఎడిటర్ గారు ప్రాంగణమే కావాలంటే ఈ చర్చ మొత్తం ఆయనకి పంపిస్తాను.