ఈసారైనా లాంగ్‌హార్న్స్ గట్టెక్కుతుందా? మారిపోయిన కాలేజీ ఫుట్‌బాల్ గురించి మీ అనుభవాలు చెప్పండి

ఆస్టిన్_2009:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ 12న మన టెక్సాస్ యూనివర్సిటీ టీమ్ లాంగ్‌హార్న్స్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటానికి ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కి వస్తోంది. టికెట్లు దొరికాయి, నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. అయినా లోపల ఒక గుబులుంది. మీతో చెప్పుకుందామనే ఈ చర్చ పెట్టాను.

నేను 2009లో ఎమ్మెస్‌కి వచ్చాను. ఆ ఏడాదే టీమ్ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఆట దాకా వెళ్లింది. అలబామా మీద ఆట మొదలైన కాసేపటికే మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) కోల్ట్ మెకాయ్ భుజానికి దెబ్బ తగిలి బయటికి వెళ్లిపోయాడు. 37-21తో ఓడిపోయాం. మరుసటి ఏడాది 5-7, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములు. అప్పట్నుంచి ఎదురుచూపే. 2006 జనవరిలో సదరన్ క్యాలిఫోర్నియా (యూఎస్‌సీ) మీద విన్స్ యంగ్ ఫోర్త్ డౌన్‌లో, అంటే చివరిదైన నాలుగో ప్రయత్నంలో, పరిగెత్తి గెలిపించిన ఆట నేను రికార్డింగ్‌లో చూసిందే తప్ప, అలాంటి రాత్రి నా కళ్లముందు ఒక్కటీ జరగలేదు.

పోయిన సీజన్‌కి ముందు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకుల్లో ఒకటో స్థానం ఇచ్చారు. మన చరిత్రలో అదే మొదటిసారి. చివరికి 9-3తో ప్లేఆఫ్‌కే వెళ్లలేదు. ఈసారి క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ మళ్లీ ఆడుతున్నాడు. ఆబర్న్ నుంచి క్యామ్ కోల్‌మన్ వచ్చాడు. డిఫెన్స్ కోచ్‌గా విల్ మస్‌చాంప్ తిరిగొచ్చాడు. నేను ఇక్కడికి వచ్చిన ఏడాది కూడా డిఫెన్స్ ఆయన చేతిలోనే ఉండేది, అందుకే ఆ కబురు విని నాకు భలే సంతోషమేసింది.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, ఈసారి గట్టెక్కుతామా? రెండు, ఏటా సగం టీమ్ మారిపోతుంటే మీకు మునుపటి అభిమానం నిలుస్తోందా?

ఇర్వింగ్_శీను:
అన్నా, కొలంబస్‌లో 14-7తో ఓడినందుకే ప్లేఆఫ్ పోయిందని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. ఒహాయో స్టేట్ ఊళ్లో ఏడు పాయింట్ల తేడాతో ఓడటం తప్పేం కాదు. మన కొంప ముంచింది ఫ్లోరిడా ఆట. గెయిన్స్‌విల్‌లో 29-21తో ఓడాం. ఆ టీమ్ ఏడాది చివరికి 4-8! మన లైన్ నిలబడక, ఆర్చ్ బంతి పట్టుకుని చూసేలోపే మీద పడిపోయారు. జార్జియాలో 35-10 సంగతి సరేసరి. కోల్‌మన్ ఎంత గొప్ప రిసీవరైనా (విసిరిన బంతి పట్టేవాడు), ముందున్న ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌కి మూడు సెకన్లు ఇవ్వకపోతే అతనికి బంతి ఎలా చేరుతుంది? నా దిగులంతా ఆ ఐదుగురి గురించే.

రౌండ్‌రాక్_వాసి:
శీను గారూ, ఫ్లోరిడా మాట నిజమే. కానీ ఇంకో కోణం ఉంది. ఒహాయో స్టేట్‌కి బదులు ఏదో చిన్న టీమ్‌తో ఆడుంటే మనం 10-2. అప్పుడు ప్లేఆఫ్ టీముల్ని ఎంచే కమిటీ మనల్ని పక్కనపెట్టడం కష్టమయ్యేది. కోచ్ సార్కీసియన్ కూడా ఈ వాదన బాహాటంగానే చేశాడు. ఓటముల లెక్కే చూస్తామంటే రేపు ఏ కాలేజీ పెద్ద ఆటకి ఒప్పుకుంటుంది? పైగా ఈ ఏడాది నుంచి మన కాన్ఫరెన్స్ (కాలేజీల కూటమి) ఎస్‌ఈసీలో ఎనిమిది కాదు, తొమ్మిది కాన్ఫరెన్స్ ఆటలు. మనకి ఓక్లహోమా, టెక్సాస్ ఏ అండ్ ఎం, ఆర్కన్సా ప్రతి ఏడాదీ తప్పవు. నా అంచనా 10-2. కష్టపడే ప్లేఆఫ్‌కి వెళ్తాం.

వరంగల్_పిల్లగాడు:
అన్నలూ, నేను పోయినేడే వచ్చిన. ఆట కొద్దికొద్దిగ అర్థమైతాంది. డాలస్‌ల కాటన్ బౌల్ స్టేడియానికి మా రూమ్మేట్ తీస్కపోయిండు. స్టేట్ ఫెయిర్ జాతర నడుమ స్టేడియం, సగం నారింజ, సగం ఎరుపు. యాభై గజాల గీత కాడ గోడ కట్టినట్టే రంగు మారుతది. ఓక్లహోమా మీద 23-6 గెల్చినం. మా తాత నన్ను మేడారం తీస్కపోయినప్పుడు జూసిన, అట్లాంటి జనం. గొంతు పోయి రెండు దినాలు మాట రాలే. గని ఈ పోర్టల్, ఎన్ఐఎల్ అంటే ఏందో ఎవ్వరన్న సక్కగ చెప్పుండ్రి.

రౌండ్‌రాక్_వాసి:
తమ్ముడూ, చెప్తా విను. ఇదివరకు కాలేజీ ఆటగాళ్లకి స్కాలర్‌షిప్ తప్ప పైసా ఇవ్వకూడదు. వాళ్ల పేరుతో జెర్సీలు అమ్ముకున్నా వాళ్లకి వాటా లేదు. వేరే కాలేజీకి మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలి. అదే సమయంలో కోచ్ మాత్రం ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీలో కోట్లకి సంతకం పెట్టొచ్చు.

2021 జూన్‌లో ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చన్నారు. ఎన్ఐఎల్ అంటే అదే. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితాయే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2021లో ఒకసారి మారినా కూర్చోనక్కర్లేదన్నారు, 2024కి ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. తర్వాత ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో ఒప్పందం. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది.

ఐపీఎల్ వేలంతో పోల్చుకో. కాకపోతే అక్కడ టీమ్ ఆటగాణ్ణి కొంటుంది, ఇక్కడ ఆటగాడే టీమ్‌ని ఎంచుకుంటాడు. నా మటుకు నాకు ఇది న్యాయంగానే ఉంది. స్టేడియంలో లక్షమంది కూర్చుని చూసేది ఆ కుర్రాళ్లనే కదా.

ప్లేనో_అమ్మ:
ఈ మార్పుల్లో ఎవరూ మాట్లాడని ఒక మూల ఉంది. అది మా ఇంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి ఆరేళ్ల వయసులో ఈత మొదలుపెట్టాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి పూల్‌కి తీసుకెళ్లడం, కార్లోనే ఇడ్లీలు తినిపించడం, అలా పన్నెండేళ్లు. ఒక కాలేజీలో, పేరు చెప్పను, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా టీమ్‌లో చోటు దొరికింది. ఆ రోజు ఇంట్లో పండగే.

హౌస్ ఒప్పందంలో స్కాలర్‌షిప్ పరిమితులు తీసేసి, ఒక్కో టీమ్‌లో ఇంతమందే ఉండాలని రోస్టర్ పరిమితి పెట్టారు. ఫుట్‌బాల్‌కి 105. మిగతా ఆటలకీ అలాగే ఒక లెక్క. 2025 వసంతంలో కోచ్ పిలిచి చోటు లేదన్నాడు. జడ్జి క్లాడియా విల్కెన్ ఇలాంటి పిల్లల గురించి పట్టుబట్టి ఒప్పందం మార్పించారు. తీసేసినవాళ్లని పరిమితితో సంబంధం లేకుండా మళ్లీ తీసుకోవచ్చన్నారు. కానీ తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. మావాణ్ణి పిలవలేదు. వాడిప్పుడు అదే కాలేజీలో చదువుకుంటున్నాడు, పూల్ వైపు వెళ్లడం లేదు.

ఆటగాళ్లకి డబ్బివ్వడం తప్పని నేను అనను. ఆ లెక్క సరిచేసేటప్పుడు మావాడిలాంటివాళ్లనీ చూసి ఉండాల్సింది.

వరంగల్_పిల్లగాడు:
అక్కా, సదువుతుంటె మనసు కలుక్కుమన్నది. తమ్మున్ని మళ్ల నీళ్లల్లకు దిగుమనుండ్రి. పోటీ లేకున్న మంచిదే.

బ్లూమింగ్టన్_మూర్తి:
టెక్సాస్ అభిమానుల మధ్యకి ఇండియానావాణ్ణి వచ్చాను, ఏమీ అనుకోకండి. ఈ కొత్త పద్ధతి వల్ల ఏం జరగొచ్చో మా ఊరే చెబుతుంది. 2023లో మేం 3-9. మెమోరియల్ స్టేడియంలో రెండో సగానికి మాతో పాటు మిగిలేది పక్షులే. కర్ట్ సిగ్నెటీ వచ్చాడు. తను అంతకుముందు కోచ్‌గా ఉన్న జేమ్స్ మాడిసన్ నుంచి ఆటగాళ్లని వెంట తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాదే ప్లేఆఫ్. 2025లో క్యాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోసా వచ్చాడు, ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ గెలిచాడు. 2026 జనవరి 19న ఛాంపియన్‌షిప్ ఆటలో మయామీ మీద ఫోర్త్ డౌన్‌లో తనే బంతి పట్టుకుని, దెబ్బలు తింటూ ఎండ్ జోన్‌లోకి దూకాడు. 27-21. సీజన్ మొత్తం 16-0.

మెండోసా మా దగ్గరున్నది ఒక్క ఏడాది. కానీ ఆ రాత్రి నేను పెద్దవాణ్ణన్న సంగతి కూడా మర్చిపోయి ఏడ్చేశాను. పాత పద్ధతిలో అయితే మాకు ఆ రాత్రి వచ్చేది కాదు. ఆస్టిన్ గారి రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే.

కాలేజ్‌స్టేషన్_లక్ష్మి:
ఏ అండ్ ఎం మనిషిని. మూర్తి గారి సంతోషం అర్థమైంది. నా బాధ వేరు. 2011 తర్వాత మా రెండు టీములూ పదమూడేళ్లు ఆడుకోలేదు. కాన్ఫరెన్సులు టీవీ డబ్బు వెంట వెళ్తే పండగలాంటి ఆట ఆగిపోయింది. 2024లో మళ్లీ మొదలైంది. రెండుసార్లూ మీరే గెలిచారు, 17-7, 27-17. ఓడినా సరే, ఆ వారం మా ఆఫీసంతా మాట్లాడుకునేది దాని గురించే. ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అభిమానుల సంగతి చూడండి. చుట్టూ ఉన్నవాళ్లందరూ వెళ్లిపోతే 2024లో వాళ్ల కాన్ఫరెన్స్ పాక్-12లో ఇద్దరే మిగిలారు. ఆటగాళ్లు మారినా నాకు ఫరవాలేదు. ఎవరితో ఆడతామన్నది మారితేనే నాకు ఆట పరాయిదైపోతుంది.

ఆస్టిన్_2009:
లక్ష్మి గారూ, మీ మాట దగ్గర ఆగిపోయాను. 2025 జనవరిలో ఆర్లింగ్టన్‌లో ఒహాయో స్టేట్ ఆటకి నేనున్నాను. ఒక గజం దూరంలో ఉన్నాం, టచ్‌డౌన్ పడితే సమం. బంతి పక్కకి విసిరి ఏడు గజాలు వెనక్కిపోయాం. ఫోర్త్ డౌన్‌లో వాళ్ల జాక్ సాయర్ మన అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలో బంతి ఊడగొట్టి 83 గజాలు పరిగెత్తాడు. వాళ్లిద్దరూ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో రూమ్మేట్లు. యూవర్స్ కాలేజీ మారినవాడే, అయినా ఆ క్షణం అతను నాకు మనింటి కుర్రాడే. నా రెండో ప్రశ్నకి జవాబు నా దగ్గరే ఉందన్నమాట.

ప్లేనో అమ్మగారూ, మీ అబ్బాయికి ఇష్టమైతే సెప్టెంబర్ 12న మాతో రమ్మనండి. మా స్నేహితుడొకడు రాలేకపోతున్నాడు, ఒక టికెట్ ఉంది. పులిహోర, మిరపకాయ బజ్జీలు మా ఆవిడ చేస్తోంది. ఆటకి నాలుగు గంటల ముందే టెయిల్‌గేట్ (స్టేడియం బయట కార్ల దగ్గర విందు) దగ్గరుంటాం.

ప్లేనో_అమ్మ:
వాణ్ణి అడిగాను. నారింజ చొక్కా లేదన్నాడు. కొనిస్తానని చెప్పాను.