మగపిట్ట కనబడకుండా ఆడ స్పారో లార్క్‌కి పేరు పెట్టొచ్చా?

ఇసుకదారి:
రాజస్థాన్‌లో జైసల్మేర్ అవతల సమ్ ఇసుక దిబ్బల దగ్గర తీసిన ఫోటోలు ఇక్కడ పెట్టారు కదా, పిచ్చుక కంటే చిన్న పిట్ట, ఇసుక రంగు, లావు ముక్కు, పక్కన ఇంకోటి లేదు. అందరూ ‘బ్లాక్ క్రౌన్డ్ స్పారో లార్క్, ఆడది’ అని తేల్చేశారు (లార్కులంటే నేల మీద తిరిగే చిన్న పిట్టలు, స్పారో లార్కులు వాటిలో ఒక రకం). నేను ఒప్పుకోను. మన పాలమూరు, అనంతపురం మెట్ట చేలల్లో తిరిగే ఇంకో స్పారో లార్క్, యాషీ క్రౌన్డ్, కూడా రాజస్థాన్‌లో ఉంది. మగవైతే గొడవ లేదు: రెండిటికీ పొట్ట నలుపు, చెంప తెలుపు, కానీ బ్లాక్ క్రౌన్డ్‌కి నుదురు తెల్లగా నడినెత్తి నల్లగా ఉంటాయి, యాషీకి నెత్తి బూడిద రంగు, కంటి మీదుగా నల్లగీత. ఆడవాటికి ఇవేవీ ఉండవు.

మెట్టపిట్ట:
ఎగిరే ఫోటోలో రెక్క కింద నల్లగా ఉంది చూడండి. ఇలాగే ఇసుక రంగులో ఉండే షార్ట్ టోడ్ లార్క్‌కి అలా ఉండదు. పైగా వీపు మీద చారలు దాదాపు లేవు, ఊరేమో ఎడారి. ఇంకేం కావాలండీ? ప్రతిదానికీ ‘ఏ రకమో తెలియదు’ అని రాస్తే ఆడపిట్టలు రికార్డుల్లోనే ఉండవు.

ఇసుకదారి:
రెక్క కింద ముదురు రంగు అది స్పారో లార్క్ అని చెబుతుంది, ఏ స్పారో లార్కో చెప్పదు. చారలంటారా, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఈకలు అరిగిపోయాక ఏ లార్క్ అయినా పాలిపోయినట్టే కనబడుతుంది. ఇక ఊరు. కేప్ వెర్డే దీవుల నుంచి సహారా, అరేబియా మీదుగా థార్ దాకా ఉండే పిట్ట ఈ బ్లాక్ క్రౌన్డ్, వాన పడి గడ్డి గింజ పట్టిన చోటికి గుంపులుగా పోతుంది, ఈ ఏడు నిండుగా ఉన్న బీడు వచ్చే ఏడు ఖాళీగా ఉండొచ్చు. ఇలా తిరిగే పిట్టకి మ్యాపు చూసి పేరు పెడితే, ఆ పేరుతోనే మళ్లీ మ్యాపు గీస్తారు. అప్పుడు అది నిజంగా ఎటు పోయిందో మనకి ఎప్పటికీ తెలియదు!

కచ్ఛ్‌గాలి:
గుంపులో మగది కనబడినా చాలదన్నా, లార్కులు రకరకాలవి కలిసి మేస్తాయి. గూడు దగ్గర జంటగా దొరికితే నమ్మొచ్చు, మగది కూడా పొదుగుతుంది కాబట్టి కాసేపు ఆగితే వస్తుంది.

మెట్టపిట్ట:
గూడు దాకా వెళ్లి కూర్చుంటే పిట్టకి ఇబ్బంది కాదా? దానికంటే ‘బహుశా’ అని పెట్టి పేరు రాయడమే మేలు.

ఇసుకదారి:
గూడు దగ్గరికి వెళ్లమని నేనూ అనను, దూరం నుంచే చూడాలి. కానీ ‘బహుశా’ అన్న మాట జాబితాలోకి ఎక్కదండీ, పేరొక్కటే ఎక్కుతుంది. సమ్ పిట్టని ‘స్పారో లార్క్’ దగ్గరే ఆపమని నా మాట.