ఫోన్లో మాట్లాడి మనసులో జబ్బు కనిపెట్టగలరా?

రాజోలు అమ్మాయి:
మా అమ్మకి ఆరు నెలలుగా సరిగా నిద్ర లేదు. పెరట్లోకి రావడం కూడా మానేసింది. కాకినాడ తీసుకెళ్దామంటే ప్రయాణమంటేనే భయపడుతోంది. మనసు బాధలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తున్న టెలీ మానస్ 14416కి చేద్దామన్నాను. "మనిషిని చూడకుండా ఏం తెలుస్తుంది?" అని అన్నయ్య ఒప్పుకోవట్లేదు. ఫోన్లో చెప్పింది నమ్మొచ్చాండీ?

లంక రైతు:
మీ అన్నయ్య మాటే నిజమమ్మా. మా నాన్నని ఓ డాక్టరు గారు ఫోన్లో అడిగితే అన్నిటికీ "ఆయ్, బాగానే ఉందండి" అన్నారు. వారం తర్వాత ఎదురుగా కూర్చోబెడితే, వదులైపోయిన చొక్కా చూసి తిండి మానేశారని డాక్టరు గారు వెంటనే పట్టేశారు.

ఊరి నర్సు:
రైతు గారూ, ఆ రోజు ఫోన్ ఎవరు పట్టుకున్నారు?

లంక రైతు:
మా ఆవిడండి. స్పీకర్ పెట్టి.

ఊరి నర్సు:
కోడలి ముందు ఏ మామగారు మనసు విప్పుతారండీ? డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. 2005లో స్పెయిన్‌లో దాన్ని ఫోన్లో అడిగి, రోగులు తామే నింపిన పత్రంతో పోల్చారు. ఫలితాలు దాదాపు కలిశాయి. అందుకే ఫోన్ పనికిరాదంటే నేను ఒప్పుకోను. కానీ తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. పక్కన మనుషులుంటే దానికి నిజం రాదు.

ఇంకోటి, మన వైపు పెద్దవాళ్ళు మర్యాద కొద్దీ దేనికైనా "ఆయ్" అంటారు. అందుకే నేను "నిద్ర పడుతోందా?" అని అడగను. "ఈ రెండు వారాల్లో ఎన్ని రాత్రులు మేలుకున్నారు?" అంటాను. లెక్క చెప్పేటప్పుడు మనిషి ఆగి ఆలోచిస్తాడు.

అమ్మాయీ, ముందు ఫోన్ చెయ్యి, ఆలస్యం వద్దు. అమ్మని ఒక్కర్తినీ గదిలో మాట్లాడనివ్వు. థైరాయిడ్ తేడా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి. అది రక్తపరీక్షలోనే తేలుతుంది, ఎంత బాగా అడిగినా ఫోన్లో తేలదు. 2020 టెలిమెడిసిన్ నియమాల్లోనూ కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాల్సిందే.

లంక రైతు:
స్పీకర్ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. అయినా మొదటిసారి మాత్రం ఎదురుగా చూడాలనే అంటానండి. ఆ చొక్కా ఫోన్లో కనపడదు కదా.

రాజోలు అమ్మాయి:
అమ్మకి కుడి చెవి సరిగా వినపడదు. ఎడమ చెవి దగ్గర పెట్టుకోమని చెప్పి, రేపు పొద్దున్నే చేయించి నేను బయట అరుగు మీద కూర్చుంటాను. రక్తపరీక్షకి ఇక్కడి ల్యాబ్‌కే తీసుకెళ్తాను.