రైజెన్ 2: డార్క్ వాటర్స్ - రివ్యూల్లో ఇంత తేడా ఎందుకు? ఇప్పుడు కొనొచ్చా?

తెరచాప77:
సేల్‌లో రైజెన్ 2 కనిపిస్తోంది. గాథిక్ ఆటలు తీసిన పిరాన్హా బైట్స్ స్టూడియో వాళ్ల పైరేట్ ఆటే, 2012ది. జర్మన్ పత్రికలు బాగానే మెచ్చుకున్నాయి. ఇంగ్లిష్ రివ్యూల్లో కొన్ని ఉతికి ఆరేశాయి. ఒకే ఆట మీద ఇంత తేడా ఏంటి? పీసీలో ఆడితే మొదట్లో ఏ స్కిల్స్ నేర్చుకోవాలి? ఇంకోటి, ఓడ మనమే నడపొచ్చా?

పాత_లంగరు:
చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. నడపలేరు. ఓడ చేతికొచ్చాక మ్యాప్‌లో దీవి ఎంచుకోవడమే. చిన్న వీడియో, ఆపైన లోడింగ్, దిగడం. సముద్రం మీద ఒక్క పోరూ లేదు. ఈత కూడా లేదు తమ్ముడూ, నడుం దాటి నీళ్లలోకి వెళ్తే తెర నల్లబడి మళ్లీ ఒడ్డునే తేలతావు. పైరేట్ ఆట అని కొన్నవాళ్లకి మండింది ఇక్కడే. ఏడాదిన్నరకి, 2013లో, అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్ అనే ఇంకో పైరేట్ ఆట వచ్చి ఓడ నడపడం అంటే ఏంటో చూపించింది, దాంతో ఈ లోటు ఇంకా పెద్దగా కనిపిస్తోంది. ఈతా, ఓడల పోరూ 2014లో రైజెన్ 3కి గానీ రాలేదు.

రివ్యూల తేడాకి ఇంకో కారణం, చాలామంది పట్టించుకోనిది. పీసీ వెర్షన్ ఏప్రిల్‌లో వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360, పీఎస్3 వెర్షన్లు వేరే స్టూడియో చేతుల మీదుగా కొన్ని నెలల తర్వాత వచ్చాయి, బొమ్మ బాగా నాసిరకం. రివ్యూ స్కోర్లన్నీ కలిపి సగటు చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో పీసీకి 70 దరిదాపుల్లో ఉంటే కన్సోల్ స్కోర్లు చాలా కిందికి జారాయి. చదివే రివ్యూ దేని మీద రాశారో ముందు చూసుకో.

కత్తి_నారాయణ:
ఓడ సంగతి సరే, అసలు గొడవ పోరాటంతో. మనుషులతో కత్తియుద్ధం ఒక పద్ధతిలో ఉంటుంది: కాచుకో, వాడి వరస దెబ్బలు అయ్యేదాకా ఆగు, వెంటనే తిరిగి కొట్టు. వాడు కాచుకునే కూర్చుంటే కాలితో తన్ను. ఆ తన్నడం కూడా డబ్బిచ్చి నేర్చుకోవాల్సిందే. జంతువుల దగ్గరికొచ్చేసరికి ఈ పాఠమంతా గంగలో కలుస్తుంది. పెద్ద పీత కొండి విసిరితే, గొరిల్లా గుద్దితే కత్తి అడ్డం పెట్టి లాభం లేదు, దెబ్బ తగిలి తీరుతుంది. తప్పుకుందామంటే విడుదలనాటికి పక్కకి దొర్లే ఎత్తే లేదు. మొదటి వారం రివ్యూలు రాసినవాళ్లు ఆడింది ఆ వెర్షనే. తర్వాత ప్యాచ్‌లో, అంటే సవరణ అప్‌డేట్‌లో, ఆ దొర్లడాన్ని చేర్చారు. కాబట్టి ఆ తిట్లలో సగం ఇవాళ్టికి వర్తించవు. మిగతా సగం వర్తిస్తాయి, ఎందుకంటే జంతువు కొట్టిన ఒక దెబ్బకి తూలి నువ్వు తేరుకునేలోపే రెండో దెబ్బ పడుతుంది. అది మారలేదు.

మొదట్లో ఏం చెయ్యాలంటే, టకారిగ్వా దీవిలో దిగగానే అడవిలోకి ఒంటరిగా దూరకు. మనతో తోడుగా వచ్చే ప్యాటీ పక్కనుంటే మృగాన్ని ఆమె మీదికి మళ్లనిచ్చి వెనక నుంచి కొట్టు. ఆహారం తింటే ప్రాణం మెల్లగా ఎక్కుతుంది, రమ్ తాగితే అప్పటికప్పుడే. అందుకే తిండి పోరు అయ్యాక, రమ్ పోరు మధ్యలో.

వూడూ_బొమ్మ:
పైవాళ్లిద్దరూ లోపాల దగ్గరే ఆగిపోయారు. మెచ్చుకున్నవాళ్లు దేన్ని మెచ్చుకున్నారో కూడా చెప్పాలి కదా. దీవులు చేత్తో కట్టినట్టుంటాయి, ఎక్కిన ప్రతి గుట్ట వెనకా ఏదో ఒకటి దొరుకుతుంది. సంభాషణల్లో మొరటు హాస్యం, ఎవడూ మర్యాదగా మాట్లాడడు. వూడూ, అంటే చేతబడి లాంటి మంత్రవిద్య, అయితే ఇంకో ఎత్తు. బొమ్మ పట్టుకుని ఒకడి ఒంట్లోకి దూరి, వాడి నోటితోనే వాడి మనుషులకి ఆర్డర్లు వేయడం అప్పట్లో వేరే ఆటల్లో అరుదు.

స్కిల్స్ గురించి: ఇందులో పాయింట్లని గ్లోరీ అంటారు. దాంతో పెరిగేవి ఐదే: కత్తి, తుపాకీ, దృఢత్వం, జిత్తులు, వూడూ. గ్లోరీ ఒక్కటే చాలదు, గురువుకి బంగారం కూడా పోయాలి. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు: ఐదింటికీ పంచి ఏదీ పైకి రానివ్వరు. మొదటి దీవిలో జిత్తులు పెంచు. మాటకారితనం, దొంగతనం, సమయానికి ఇసుక చల్లడం లాంటి దొంగ దెబ్బలు అన్నీ దాని కిందే ఉంటాయి. తాళాలు తెరిస్తే బంగారం, బంగారం ఉంటే కత్తి గురువు.

కత్తి_నారాయణ:
జిత్తుల మాట ఒప్పుకుంటా. వూడూ దగ్గర ఒప్పుకోను. కథ మధ్యలో ఇన్‌క్విజిషన్ అనే సైనిక వర్గం వైపా, వూడూ నేర్పే ఆదివాసుల వైపా అని ఒకటే ఎంచుకోవాలి, రెండూ కుదరవు. ఇన్‌క్విజిషన్‌తో వెళ్తే మస్కెట్, అంటే పొడుగు తుపాకీ, చేతికొస్తుంది, ఆ తర్వాత ఆట తేలికైపోతుంది. దూరం నుంచే సగం ప్రాణం తీసేస్తావు. వూడూతో కథ బాగుంటుంది గానీ పోరు కష్టం. రివ్యూల్లో ఒకడు కష్టమనీ, ఇంకొకడు తేలికనీ రాయడానికి ఇదీ ఒక కారణమే.

తెరచాప77:
అర్థమైంది. అంటే ప్యాచ్ పడిన పీసీ వెర్షన్, మొదట జిత్తులు, పిస్టల్ కూడా కొనాలా?

పాత_లంగరు:
కొను. ఒక చేత్తో కత్తి పట్టుకునే ఉండి రెండో చేత్తో కాలుస్తావు, మళ్లీ నిండడానికి కాసేపు పడుతుంది. జంతువు దూకబోయే ముందు ఒక్క గుండు, అంతే. ఇంకోటి, పార దొరికితే అమ్మేయకు. నిధి మ్యాప్ ఉన్నా పార లేకపోతే తవ్వలేవు.