ఘర్షణ అనగానే మ్యూ ఎన్ రాసేసే అలవాటును ఎలా మాన్పించాలి?

ప్రశ్న (అధ్యాపకురాలు, బీటెక్ మొదటి సంవత్సరం):
అందరికీ నమస్కారం. గత వారం ఇంజనీరింగ్ మెకానిక్స్ స్లిప్ టెస్టులో ఒక తేలికైన లెక్క ఇచ్చాను. గరుకు నేలపై కదలకుండా ఉన్న 10 కిలోల దిమ్మెను 20 న్యూటన్ల బలంతో అడ్డంగా నెడుతున్నారు. స్థైతిక ఘర్షణ గుణకం 0.4 అయితే ఘర్షణ బలం ఎంత? సగానికి పైగా విద్యార్థులు మ్యూ ఎన్ సూత్రంతో (ఘర్షణ గుణకం మ్యూ × నేల దిమ్మెను లంబంగా పైకి నెట్టే బలం, అంటే నార్మల్ రియాక్షన్ ఎన్; ఇక్కడ 0.4 × 98.1) 39.24 న్యూటన్లు అని రాశారు. అదే నిజమైతే దిమ్మె నెట్టినవాడి మీదికే రావాలి కదా అంటే అందరూ నవ్వారు, కానీ తరువాతి లెక్కలో మళ్ళీ అదే చేశారు. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించడానికి శిక్షణ పొందిన పిల్లలు సూత్రం కోసం వెతకడంలో ఆశ్చర్యం లేదు. ఈ అలవాటును మాన్పించే దారి ఏమిటి?

జవాబు 1:
మేడమ్, నేను మొదటి రెండు వారాలూ మ్యూ అనే అక్షరాన్ని బోర్డు మీద రాయనివ్వను. ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో (వస్తువును విడిగా గీసి, దాని మీది బలాలన్నిటినీ బాణాలతో చూపే బొమ్మలో) ఘర్షణను విలువ తెలియని బలంగా చూపించి, సమతాస్థితి సమీకరణాల నుంచే దాన్ని రాబట్టమంటాను. మీ లెక్కలో అది 20 న్యూటన్లు వస్తుంది. ఆ తరువాతే, నేల ఇవ్వగలిగిన గరిష్ఠ ఘర్షణ 39.24తో దాన్ని పోల్చమంటాను. కావలసింది అంతకంటే తక్కువ కాబట్టి దిమ్మె కదలదు. ఈ రెండు మెట్లకూ విడివిడిగా మార్కులు వేయకపోతే మాత్రం ఎంత చెప్పినా ఎవరూ పాటించరు.

జవాబు 2:
దిమ్మె కంటే నిచ్చెన బాగా పనిచేస్తుందని నా అనుభవం. నున్నటి గోడకు ఆనించి, గరుకు నేలతో 60 డిగ్రీల కోణంలో 200 న్యూటన్ల బరువున్న నిచ్చెన ఉందనుకోండి. దాని మీద 600 న్యూటన్ల బరువున్న మనిషి ఎక్కుతున్నాడు. నేల ఇచ్చే నార్మల్ రియాక్షన్ మొదటి నుంచి చివరి దాకా 800 న్యూటన్లే. అయినా కింది కొన చుట్టూ మొమెంట్లు (బలాల తిప్పే ప్రభావాలు) తీసుకుంటే, అతను అడుగు మెట్టు మీద ఉన్నప్పుడు ఘర్షణ సుమారు 58, సగం ఎత్తులో 231, పై కొసన 404 న్యూటన్లు వస్తుంది. మ్యూ ఎన్ మారకుండానే ఘర్షణ ఏడు రెట్లు పెరగడం విద్యార్థులే లెక్కగట్టి చూస్తారు. మ్యూ 0.4 అని అప్పుడు చెప్పండి: గరిష్ఠం 320 కాబట్టి, మనిషి నిచ్చెన పొడవులో దాదాపు ముప్పావు వంతు దాటగానే అది జారుతుంది. తాపీ పనివాళ్ళు నిచ్చెన కింద మరొకరిని ఎందుకు నిలబెడతారో అడిగితే తరగతి మొత్తం మాట్లాడుతుంది.

జవాబు 3:
పై ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. ఘర్షణ కంటే ముందే తప్పు మొదలవుతోంది, ఎందుకంటే నార్మల్ రియాక్షన్ అంటే ఎప్పుడూ బరువే అని వాళ్ళు నమ్ముతున్నారు. అదే దిమ్మెను తాడుతో 30 డిగ్రీలు పైకి వాలుగా 50 న్యూటన్లతో లాగితే ఎన్ విలువ 98.1 కాదు, 73.1 మాత్రమే. బరువు, నార్మల్ రియాక్షన్ చర్య–ప్రతిచర్యల జంట అని కూడా చాలామంది అనుకుంటారు. ఆ రెండూ ఒకే వస్తువు మీద పనిచేస్తున్నప్పుడు జంట ఎలా అవుతాయి? వస్తువును ఏవేవి తాకుతున్నాయో రాయించిన తరువాతే బాణాలు గీయనివ్వాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నిచ్చెన లెక్కను నిన్ననే చేయించాను. వెనుక బెంచీ నుంచి ఒక అబ్బాయి, "మనం ఎంత బలంతో నెడుతున్నామో నేలకు ఎలా తెలుస్తుంది మేడమ్?" అని అడిగాడు. సూటిగా జవాబు చెప్పలేకపోయాను.

జవాబు 2 రాసినవారు:
మంచి ప్రశ్న. తాకే చోట రెండు ఉపరితలాల్లోని సూక్ష్మమైన ఎత్తుపల్లాలు, మనం నెట్టిన కొద్దీ, కంటికి కనిపించనంత వంగుతాయి. ఎక్కువ నెడితే ఎక్కువ వంగి, స్ప్రింగులా అంతే ఎక్కువగా ఎదురు నెడతాయి. ఆ పట్టు తెగే హద్దునే మనం మ్యూ ఎన్ అంటున్నాం.