కోళ్ల వల్లే తేనె పెట్టె ఖాళీ అయిందా? ఎవరైనా చెప్పండి

పాకాల తోట: పొద్దున్నుంచి పెట్టె దగ్గరే కూర్చున్నా, అన్నం కూడా తినలేదు. ఈగలన్నీ వెళ్లిపోయాయి! కోళ్లు ఎప్పుడూ పెట్టె కిందే గీరుతుంటాయి, వాటి గోలకే పోయాయి, అమ్మేయమని మా నాన్న పట్టుబట్టాడు. రెండూ ఒకచోట పెంచకూడదా? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట. త్వరగా చెప్పండి ప్లీజ్.

చంద్రగిరి తేనె: లోపల తేనె ఉందా? బయట చచ్చిన ఈగలున్నాయా? ఫోటో పెట్టు.

కోళ్ల మామ: కోళ్లను అమ్మొద్దు తమ్ముడూ. ముందు కొక్కెర తెగులుకు టీకా వేయించావా చెప్పు. పిల్లలకు మొదటి వారంలోనే కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్‌టుబి సూది. మనవాళ్లు కోళ్లు మెడలు తిప్పుకుంటూ పడ్డాక పశువుల ఆసుపత్రికి పరిగెడతారు, అప్పుడు డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

పాకాల తోట: కోళ్లు బాగున్నాయి మామా, ఈగల సంగతి అడుగుతున్నా. చచ్చినవి కనపడలేదు, ఉన్నా కోళ్లు తినేసుంటాయి.

సేంద్రియ రైతు: పక్క తోటలో మామిడికి మందు కొట్టుంటారు. పూత మీద తేనెమంచు పురుగుకని కొడతారు, ఈగలు పోతాయి, తర్వాత కాయ నిలవలేదని ఏడుస్తారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

చంద్రగిరి తేనె: పూత ఎప్పుడో అయిపోయింది. మందైతే పెట్టె ముందు కుప్పగా పడతాయి, అన్నీ కలిసి లేచిపోవు.

సేంద్రియ రైతు: అయితే పిల్ల గుంపు విడిపోయింది. ఏదైనా వలసే కదా.

చంద్రగిరి తేనె: కాదు. విడిపోతే సగం ఈగలు ఉంటాయి, ఫ్రేము కింది అంచున రాణి గదులు కనపడతాయి. ఇతను మొత్తం ఖాళీ అంటున్నాడు. కలిపి మాట్లాడితే పరిష్కారం తప్పుతుంది.

పాకాల తోట: తేనె ఎక్కడుంటుంది అన్నా, పోయిన వారమే తీశాం కదా, పై గదీ కింది గదీ మొత్తం. అడుగు పలక మీద బూజులాంటి గూళ్లు, తెల్ల పురుగులు ఉన్నాయి, కోళ్లకు వేస్తే ఎగబడి తిన్నాయి. అవేంటి?

చంద్రగిరి తేనె: ఈ మాట ముందే చెప్పాల్సింది. అది మైనం పురుగు. బలమున్న గుంపైతే దాన్ని రానివ్వదు. తేనె పై గదిలోనే తీయాలి, కింది గది పిల్లలది, వాటి తిండి అక్కడే ఉంటుంది. ఎండాకాలం పూలు తక్కువ, ఉన్న తేనె మీరు తీశారు, పురుగు పట్టింది, ఇంక ఎందుకుంటాయి? కోళ్లకు సంబంధం లేదు, కిందపడ్డ పురుగులు తింటే మంచిదే. పురుగు పట్టిన మైనపు అట్టలు కాల్చెయ్, పెట్టె గీకి ఎండబెట్టు, సందులు మూసెయ్. కొత్త గుంపు దొరికితే నీడలో పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు, చీమలు ఎక్కవు. పూలు లేనప్పుడు సమానంగా కలిపిన చక్కెర నీళ్లు, సాయంత్రమే ఇవ్వాలి, పగలైతే పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి.

కోళ్ల మామ: ఆర్‌టుబి మర్చిపోవద్దు.

పాకాల తోట: సరే అన్నా, థాంక్స్. నాన్నకు చూపిస్తా.

పుత్తూరు: ఆ కోళ్లు నాటువేనా? అమ్మితే ధర చెప్పు బ్రదర్.